ఓపెనింగ్ బ్యాలెన్సు లేని పాస్ శాతం

ఢిల్లీలో ముప్పై నలభై ఏళ్ళుగా ఉంటున్న తెలుగువాళ్ళు నలుగురు ఒకచోట చేరితే, ఆంధ్రా భవన్ భోజనం గురించి మాట్లాడుకోవడం అయ్యాక, తప్పకుండా వచ్చే మాట ఒకటుంది. "మన ఆంధ్రా స్కూళ్ళు ఒకప్పుడు ఎలా ఉండేవండీ! ఇప్పుడు స్టాండర్డ్ పడిపోయింది. మన పిల్లలు పోయారు, ఆ పిల్లలు వచ్చారు." ఆ చివరి వాక్యం దగ్గరకు వచ్చేసరికి గొంతు కొంచెం తగ్గుతుంది. "ఆ పిల్లలు" అంటే ఎవరో ఎవరూ వివరించరు. అందరికీ అర్థమవుతుంది కాబట్టి వివరించనక్కర లేదు.

ఈ మాట గుడికి వెళ్ళేవాళ్ళే కాదు, మన హేతువాద మిత్రులు కూడా అంటారు. బాబాలు గాలిలోంచి విభూది తీస్తే చేతి చొక్కా వెతకమనే మనం, ఈ మాటకు మాత్రం ఆధారం అడగం. అందుకే ఈ వ్యాసం. నేను విద్యావేత్తను కాను. బి.కాం. చదివి, రక్షణ శాఖ లెక్కల విభాగంలో ముప్పై ఆరేళ్ళు బిల్లులు, మస్టర్ రోళ్ళు తనిఖీ చేసి రిటైరైనవాణ్ణి. నాకు తెలిసింది లెక్క ఒక్కటే. ఆ లెక్కతోనే చూద్దాం.

ముందు ఈ స్కూళ్ళ గురించి తెలియనివారికి రెండు ముక్కలు. ఢిల్లీలో ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీని 1948లో దుర్గాబాయి దేశ్‌ముఖ్ స్థాపించారు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు దక్షిణాది నుంచి వచ్చిన గుమాస్తాలు, స్టెనోగ్రాఫర్లు, అకౌంటెంట్ల పిల్లలకు ఆధారంగా ఉండాలని మొదలైన సంస్థ అది. అంతకు చాలా ముందే, 1923లో, తమిళులు ఇక్కడ తమ విద్యాసంఘం పెట్టుకున్నారు. ఆంధ్రా సొసైటీ స్కూళ్ళు దీన్‌దయాళ్ ఉపాధ్యాయ మార్గ్, ప్రసాద్ నగర్, జనక్‌పురి, పుష్ప విహార్‌లలో ఉన్నాయి. కాలం మారింది. కేంద్ర ప్రభుత్వంలో గుమాస్తా ఉద్యోగాలు తగ్గాయి. మన కుర్రవాళ్ళకు హైదరాబాదు, బెంగుళూరులోనే ఉద్యోగాలు దొరుకుతున్నాయి. ఇక్కడే స్థిరపడ్డ తెలుగువాళ్ళు కాస్త జీతాలు పెరగగానే పిల్లల్ని ఖరీదైన ప్రైవేటు స్కూళ్ళకు మార్చారు. కాబట్టి ఈ స్కూళ్ళ తరగతుల్లో ఇప్పుడు హిందీ మాట్లాడే ఇళ్ళ పిల్లలే ఎక్కువ. అందులో చాలామంది తల్లిదండ్రులు డ్రైవర్లు, ఇళ్ళలో పని చేసేవాళ్ళు, చిన్న దుకాణాలవాళ్ళు, బీహారు, ఉత్తరప్రదేశ్‌ల నుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చినవాళ్ళు. ఢిల్లీలో ఫీజు తక్కువగా ఉన్న ఏ చిన్న స్కూలు చూసినా పరిస్థితి ఇంతే.

ఇక "స్టాండర్డ్ పడిపోయింది" అనే మాటకు వద్దాం. దేన్ని చూసి అంటున్నారు అని అడిగితే వచ్చే జవాబు ఒక్కటే, పాస్ శాతం. అప్పట్లో ఇంత, ఇప్పుడింత.

ఒక ఊహాజనితమైన లెక్క చెబుతాను. ఒక స్కూల్లో వందమంది పిల్లలు. అందులో 80 మంది చదువుకున్న తల్లిదండ్రుల పిల్లలు, 20 మంది ఇంట్లో మొట్టమొదటగా హైస్కూలు మెట్టెక్కినవాళ్ళు. మొదటి గుంపులో నూటికి 90 మంది, రెండో గుంపులో నూటికి 50 మంది పాసయ్యారు. అంటే 72, 10, మొత్తం 82 శాతం. ఇరవై ఏళ్ళ తర్వాత అదే స్కూలు. ఇప్పుడు మొదటి గుంపు 20 మంది, రెండో గుంపు 80 మంది. మొదటి గుంపులో నూటికి 95 మంది, రెండో గుంపులో నూటికి 60 మంది పాసయ్యారు. అంటే 19, 48, మొత్తం 67 శాతం.

మళ్ళీ చూడండి. రెండు గుంపుల్లోనూ ఫలితం మెరుగైంది. అంటే స్కూలు ఇదివరకటి కన్నా బాగా పని చేసింది. కానీ మొత్తం శాతం 82 నుంచి 67కు పడింది. బయటివాళ్ళు "స్టాండర్డ్ పడిపోయింది" అంటారు, టీచర్లను తిడతారు. పెద్ద గణితమేమీ కాదిది, వెయిటెడ్ యావరేజి. ఇంటర్ కామర్స్ పిల్లవాడికి కూడా తెలుసు. ఏ ఆంధ్రా స్కూల్లోనైనా నిజంగా ఇలాగే జరిగిందని నేను అనడం లేదు. మొత్తం శాతం ఒక్కటే చేతిలో పెట్టుకుని, జరిగిందనీ చెప్పలేం, జరగలేదనీ చెప్పలేం. చెప్పలేనిదాన్ని గట్టిగా చెప్పడాన్నే మనం మూఢనమ్మకం అంటాం.

రెండో సంగతి, స్కూలు చిన్నదైతే శాతం ఊగిసలాడుతుంది. పదో తరగతిలో 30 మంది ఉన్న స్కూల్లో ఒక్క పిల్లవాడు తప్పితే మూడు శాతం పైన పోతుంది. అదే 300 మంది ఉంటే ఆ పిల్లవాడి వల్ల శాతంలో మూడో వంతు మాత్రమే తగ్గుతుంది. స్కూలు సత్తా ఏ మాత్రం మారకుండా 80 శాతం దగ్గరే ఉన్నా, 30 మంది స్కూల్లో ఒక ఏడాది 73, మరో ఏడాది 87 రావడం కేవలం కాకతాళీయంగా జరిగేపనే. 73 వచ్చిన ఏడాది హెడ్మాస్టరుకు మెమో, 87 వచ్చిన ఏడాది శాలువా. రెండూ అదృష్టానికే.

ఇది తెలియక అమెరికాలో కోట్ల డాలర్లు ఖర్చు పెట్టారు. మంచి ఫలితాలు వచ్చే బడుల జాబితాలో చిన్నబడులు ఎక్కువగా కనిపిస్తున్నాయని, 2000 ప్రాంతంలో గేట్స్ ఫౌండేషన్ పెద్దబడులను చిన్నబడులుగా విడగొట్టడానికి డబ్బిచ్చింది. హోవర్డ్ వైనర్ అనే గణాంక శాస్త్రవేత్త పెన్సిల్వేనియాలోని 1662 బడుల ఫలితాలు తీసి చూశాడు. అన్నిటికన్నా మంచి మార్కులు వచ్చిన 50 బడుల్లో 6, అతి చిన్న 50 బడుల్లోవే. బాగానే ఉంది. కానీ అన్నిటికన్నా తక్కువ మార్కులు వచ్చిన 50 బడులు చూస్తే, అందులో 9 ఆ అతి చిన్నవే! పైనా వాళ్ళే, కిందా వాళ్ళే. చిన్న సంఖ్యల స్వభావం అది. జ్యోతిష్కుడు ఫలించిన జోస్యాలను మాత్రమే చెప్పుకున్నట్టు, వీళ్ళు పైభాగం మాత్రమే చూశారు.

మూడో సంగతి అన్నిటికన్నా ముఖ్యమైనది, నా ఉద్యోగానికి సంబంధించినది. మా ఆఫీసులో ఏ స్టోర్సు లెక్క వచ్చినా ముందు చూసేది ఓపెనింగ్ బ్యాలెన్సు. ఏడాది మొదట్లో ఎన్ని ఉన్నాయి, మధ్యలో ఎన్ని వచ్చాయి, ఎన్ని పోయాయి, ఎందుకు పోయాయి, చివరికి ఎన్ని మిగిలాయి. "ఉన్నవన్నీ బాగున్నాయి సార్, నూటికి నూరు శాతం" అని స్టోర్‌కీపరు అంటే సంతకం పెట్టం. పోయినవి ఎక్కడని అడుగుతాం. స్కూళ్ళ పాస్ శాతం ఓపెనింగ్ బ్యాలెన్సు లేని లెక్క. పరీక్షకు కూర్చున్నవాళ్ళే అందులో హారం. కూర్చోకుండా పోయినవాళ్ళు ఎక్కడా లేరు.

ఢిల్లీ ప్రభుత్వ స్కూళ్ళ అనుభవమే చూడండి. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రకారం ఎనిమిదో తరగతి దాకా ఎవరినీ ఫెయిల్ చేయకూడదు. (2019లో ఆ నిబంధన సడలించారు.) దాంతో మొదటి గోడ తొమ్మిదో తరగతిలో తగిలేది. దాదాపు సగం మంది అక్కడ తప్పేవారు. మరోవైపు అదే కాలంలో పదో తరగతికి బోర్డు పరీక్ష ఐచ్ఛికం. స్కూలే పరీక్ష పెట్టుకోవచ్చు. 2017లో ప్రభుత్వ స్కూళ్ళ పదో తరగతి పాస్ శాతం 92 దాటింది. 2018లో బోర్డు పరీక్ష మళ్ళీ తప్పనిసరి చేశారు. ఆ ఏడాది వచ్చింది 69 చిల్లర. ఒక్క ఏడాదిలో 23 శాతం! టీచర్లు అదే ఏడాది చదువు చెప్పడం మరిచిపోయారా? పిల్లల మెదళ్ళు కుంచించుకుపోయాయా? అదే టీచర్లు, అవే గదులు, అవే ఇళ్ళ పిల్లలు. మారింది కొలబద్ద.

ఇంకా విచిత్రం, అదే 2018లో అదే స్కూళ్ళలో పన్నెండో తరగతి ఫలితం 90 శాతం దాటింది. పదిలో 69, పన్నెండులో 90. పన్నెండో తరగతి టీచర్లు అంత గొప్పవాళ్ళా? కొంత కృషి ఉండవచ్చు, కాదనను. కానీ తొమ్మిదిలో, పదిలో, పదకొండులో జల్లెడ పట్టగా మిగిలినవాళ్ళే పన్నెండుకు వస్తారన్న సంగతి మరిచిపోతే ఎలా?

ఈ జల్లెడ ఎలా పడతారో నేను కళ్ళారా చూశాను. రిటైరయ్యాక మా కాలనీ వెనక ఉన్న గదిలో సాయంత్రం రెండు గంటలు పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. ఒక చిన్న స్కూల్లో చదివే ముగ్గురు ఆడపిల్లలు వచ్చేవారు. ముగ్గురూ తొమ్మిదిలో లెక్కల్లో తప్పారు. స్కూలువాళ్ళు తల్లులను పిలిపించి, "మీ అమ్మాయికి ఓపెన్ స్కూలే మంచిది, ఇంటి దగ్గరే చదువుకోవచ్చు, ఇక్కడ సంతకం పెట్టండి" అన్నారట. ఓపెన్ స్కూలు చెడ్డదని కాదు, పనికి వెళ్ళేవాళ్ళకు అది వరం. కానీ బడి మాని ఇంట్లో కూర్చున్న పదిహేనేళ్ళ పిల్ల చేతికి చీపురు వస్తుంది గాని పుస్తకం రాదు. ఒక తల్లి కాగితం పట్టుకుని నా దగ్గరకు వచ్చి, "బాబూజీ, ఇందులో ఏముంది?" అని అడిగింది. హిందీలో చదివి వినిపించాను. "స్కూలు నుంచి తీసేయమని నేనే అడుగుతున్నట్టు రాశారా?" అంది. అవును, అలాగే ఉంది. ఆమె సంతకం పెట్టలేదు. ఆ పిల్ల తొమ్మిది మళ్ళీ చదివింది, పది పాసైంది, ఇప్పుడు పదకొండులో కామర్స్ తీసుకుంది. మిగతా ఇద్దరి తల్లులు అప్పటికే పెట్టేశారు. వాళ్ళలో ఒకమ్మాయి ఓపెన్ పరీక్షకు ఫీజు కూడా కట్టలేదు. రెండో అమ్మాయి కుటుంబం ఇల్లు మారింది, తర్వాత కబురు లేదు.

ఒక్క ఉదాహరణ రుజువు కాదని నాకు తెలుసు. దాంతో నేను రుజువు చేసేదేమీ లేదు. లెక్క ఎలా నడుస్తుందో మాత్రమే చూపిస్తున్నాను. తొమ్మిదిలో 40 మంది చేరిన రెండు స్కూళ్ళు ఊహించుకోండి. ఒకటి 18 మందిని సాగనంపి, 22 మందిని పరీక్షకు పంపింది, 22 మందీ పాస్. నూటికి నూరు! రెండోది 38 మందిని పంపింది, 30 మంది పాస్. 79 శాతం. పేపర్లో ఫోటో మొదటి స్కూలుకు వస్తుంది. చేరిన నలభై మందిలో మొదటిది గట్టెక్కించింది 22 మందిని, రెండోది 30 మందిని. మీరు ఆడిటరైతే ఎవరికి సర్టిఫికెట్ ఇస్తారు?

ఇక "ఆ పిల్లలకు" అసలు బుర్ర లేదనే వాదం. ఇది పుట్టుకను బట్టి తెలివి అనే పాత మాటే, మెరిట్ అనే కొత్త చొక్కా తొడుక్కుని వచ్చింది. దీనికి మన పరిసరాల్లోనే ప్రయోగాలున్నాయి. కార్లా హాఫ్, ప్రియాంకా పాండే అనే ఆర్థికవేత్తలు ఉత్తరప్రదేశ్ గ్రామాల్లో 642 మంది ఆరు, ఏడు తరగతుల మగపిల్లలకు చిక్కుదారుల బొమ్మలు ఇచ్చి దారి కనుక్కోమన్నారు. కులం ప్రస్తావన లేనప్పుడు అగ్రకులాల పిల్లలకు, దళిత పిల్లలకు తేడా కనిపించలేదు. పేరుతోపాటు కులం కూడా అందరి ముందూ చదివాక, దళిత పిల్లల ఫలితం గణనీయంగా పడిపోయింది. వయసూ చదువూ అవే, బొమ్మలూ అలాంటివే. మధ్యలో జరిగింది ఒక ప్రకటన మాత్రమే. క్లాసులో "నీకు చదువు ఎక్కదురా" అనే మాట ఏం పని చేస్తుందో ఇక ఊహించుకోండి.

రెండోది ఢిల్లీలోనే జరిగింది. కార్తీక్ మురళీధరన్, మరి ఇద్దరు కలిసి 2015లో 619 మంది స్కూలు పిల్లల్లో లాటరీ తీసి, కొందరిని స్కూలు తర్వాత కంప్యూటర్ మీద ఎవరి స్థాయికి తగ్గట్టు వాళ్ళకు పాఠం చెప్పే కేంద్రాలకు పంపారు. ముందు పరీక్షిస్తే, ఆరో తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారు. తొమ్మిదికి వచ్చేసరికి ఆ తేడా నాలుగున్నర తరగతులు! అంటే తొమ్మిదో తరగతి బెంచీ మీద కూర్చున్నవాడు నిజానికి నాలుగైదు తరగతుల మధ్య ఉన్నాడు. బీజగణితం నల్లబల్ల మీద నడుస్తుంటే వాడు భాగహారం దగ్గర ఆగిపోయాడు. నాలుగున్నర నెలల తర్వాత చూస్తే, కేంద్రాలకు వెళ్ళే అవకాశం వచ్చిన పిల్లలు రానివారికన్నా లెక్కల్లోనూ హిందీలోనూ స్పష్టంగా ముందుకు వెళ్ళారు. బాగా వెనకబడినవారు కూడా మిగతావారితో సమానంగా లాభపడ్డారు. బుర్ర లేనివాళ్ళైతే ఇది జరగదు.

ఇందులోనే గమనించాల్సిన ఇంకో విషయం ఉంది. లెక్కల్లో ఇంత ప్రగతి వచ్చినా స్కూలు పెట్టే లెక్కల పరీక్షలో అది కనిపించలేదు. ఎందుకంటే ఆ పరీక్ష తొమ్మిదో తరగతి పాఠం మీద ఉంటుంది. పిల్లవాడు నాలుగు నుంచి ఐదున్నరకు ఎక్కినా, తొమ్మిదో మెట్టు మీద నిలబడి చూసేవాడికి వాడు ఇంకా కిందనే ఉంటాడు. పాపం ఆ టీచరు చేసిన పనికి ఏ శాతమూ రాదు.

చివరికి మిగిలేది ఒక భయం. "సరేనండీ, వాళ్ళకు మంచిదే. మరి వాళ్ళతో కూర్చుంటే మన పిల్లలు చెడిపోరా?" దీనికీ ఢిల్లీలోనే జవాబుంది. ఇక్కడి ప్రైవేటు స్కూళ్ళు పేద పిల్లలకు కొన్ని సీట్లు ఇవ్వాలని 2007లో విధించారు. దాని ఫలితాన్ని గౌతమ్ రావు అనే పరిశోధకుడు పరిశీలించి 2019లో ప్రచురించాడు. పేద పిల్లలతో కలిసి చదివిన సంపన్నుల పిల్లల్లో ఇతరులకు సాయపడే గుణం పెరిగింది, పేదవాళ్ళ పట్ల వివక్ష తగ్గింది. మార్కుల సంగతి? లెక్కల్లో, హిందీలో తేడా లేదు. ఇంగ్లీషులో కొద్దిగా తగ్గాయి. ఆ కొద్దిపాటి తగ్గుదలను నేను దాచడం లేదు. దాస్తే ఆ స్టోర్‌కీపరుకూ నాకూ తేడా ఉండదు. కానీ "చెడిపోవడం" అంటే ఇదేనా, మీరే ఆలోచించండి.

దుర్గాబాయి గారి జీవితమే ఒక పాఠం. ఆవిడ బెనారస్ మెట్రిక్యులేషన్ ప్రైవేటుగా చదివి పాసయ్యారు. మద్రాసులో ఆంధ్ర మహిళా సభ 1937లో మొదలైంది. బడికి వెళ్ళే అదృష్టం లేని ఆడవాళ్ళను అదే మెట్రిక్యులేషన్‌కు తయారు చేయడం అక్కడి తొలి పనుల్లో ఒకటి. 1958లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు తరఫున, చదువు మధ్యలో ఆగిపోయిన స్త్రీలకు సంక్షిప్త కోర్సులు పెట్టించారు. అంటే ఏ రిజిస్టరులోనూ పేరు లేనివాళ్ళను వెతికి తెచ్చి రిజిస్టరులో రాయించడం ఆవిడ పని. ఆవిడ పెట్టిన సంస్థల గురించి మాట్లాడేటప్పుడు "మన పిల్లలు, ఆ పిల్లలు" అనే ముందు ఇది గుర్తు తెచ్చుకోవాలి.

కాబట్టి నా సూచన చాలా మామూలుది. ఏ స్కూలు ఫలితం చెప్పినా నాలుగు గళ్ళు అడుగుదాం. తొమ్మిదిలో ఎంతమంది చేరారు, టీసీ తీసుకుని వేరే బడికి ఎంతమంది వెళ్ళారు, ఏ బడికీ వెళ్ళకుండా ఎంతమంది పోయారు, పది ఎంతమంది పాసయ్యారు. తరగతివారీగా పిల్లల సంఖ్య యూడైస్ ప్లస్‌లో దొరుకుతుంది. మిగతాది పది రూపాయల సమాచార హక్కు దరఖాస్తుతో విద్యాశాఖను అడగవచ్చు. స్కూళ్ళే ఈ నాలుగు గళ్ళు ఫలితాల రోజున గోడ మీద అంటిస్తే ఇంకా మంచిది. పిల్లవాణ్ణి బయటకు పంపితే లెక్కలో కనిపిస్తుందని తెలిస్తే, పంపేముందు రెండుసార్లు ఆలోచిస్తారు.

ఏటా ఉగాదికి మన సంఘాలు 95 శాతం వచ్చిన పిల్లలకు జ్ఞాపికలు ఇస్తాయి. ఇవ్వనివ్వండి. దాంతోపాటు ఆ స్కూళ్ళలో తొమ్మిదో తరగతి లెక్కల్లో తప్పిన పిల్లల జాబితా కూడా తెప్పించుకుని, వారానికి మూడు సాయంత్రాలు వాళ్ళకు భాగహారం నుంచి చెప్పడానికి మనలో రిటైరైనవాళ్ళం ఎంతమందిమి ముందుకు వస్తామో చెప్పండి. మా గదిలో ఇంకా ఖాళీ ఉంది. నల్లబల్ల ఉంది. లెక్కలు చెప్పేవాళ్ళు కావాలి.